నాబోతు తోట మన వంతుకు వచ్చిన రోజు

మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయాన్ని వాగ్దానపు కార్డు మీద ఎవరూ అచ్చు వేయరు. అందులో ఆశీర్వాదం లేదు, ఓదార్పు లేదు. రాజుగారి కన్ను పక్కనున్న నాబోతు అనే రైతు తోట మీద పడింది. రైతు ఇవ్వనన్నాడు. దొంగ సాక్షులను నిలబెట్టి ఆ రైతును రాళ్లతో కొట్టి చంపించారు. రాజు వెళ్లి తోటను స్వాధీనం చేసుకున్నాడు. అయినా కతోలిక సంఘం రోజువారీ పఠనాల పట్టికలో, సరిసంఖ్య వచ్చే సంవత్సరాల్లో, సామాన్య కాలం పదకొండో వారం సోమవారం నాడు ఈ కథ వచ్చి తీరుతుంది. 2024లో అది జూన్ 17న వచ్చింది. 2026లో జూన్ 15. మృగశిర కార్తె ప్రవేశించి వారం పది రోజులయ్యే సమయం. మా మహేశ్వరం చుట్టుపక్కల ఇంకా మిగిలిన చేలల్లో తొలకరి చూసుకుని పత్తి గింజ పెట్టే రోజులు.

ఈ ప్రాంతంలో భూమి సంగతి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. దాదాపు 5,500 ఎకరాల్లో కట్టిన శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. తుక్కుగూడ దాటి శ్రీశైలం రోడ్డు మీద మహేశ్వరం గేటు దాకా వెళ్తుంటే చేను ఎక్కడ ఆగిందో, వెంచర్ ఎక్కడ మొదలైందో హద్దురాళ్లను చూసి తెలుసుకోవాలి. ఎకరాల్లో, గుంటల్లో మాట్లాడిన ఊళ్లు ఇప్పుడు గజాల్లో మాట్లాడుతున్నాయి. ఇలాంటి నేల మీద కూర్చుని నాబోతు కథ చదవాల్సి వచ్చినప్పుడు వాక్యం మనల్ని వదిలిపెట్టదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. రోజువారీ ధ్యానంలో మనకు ఇష్టమైన వచనాన్ని ఏరుకోవడం మానుకుని, ఆ రోజుకు ఏ భాగం వచ్చిందో దాన్నే చదవాలి. నచ్చినా, నచ్చకపోయినా.

మాది పుట్టుకతో మెథడిస్టు ఇల్లు. పాత రంగారెడ్డి జిల్లాలో మెథడిస్టు ఇల్లంటే ఏటా నవంబర్‌లో ధారూర్ జాతరకు వెళ్లడం, అక్కడ తెల్లవారకముందే గుడారాల మధ్య పాటలు వినపడటం, ఇంట్లో రాత్రి అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన. కతోలికుల పఠనాల క్యాలెండర్ నాకు చాలా ఆలస్యంగా, నర్సుగా పనిచేసే ఒక సిస్టర్ ద్వారా పరిచయమైంది. చిన్న పుస్తకం, రోజుకు రెండు మూడు వరుసలు: మొదటి పఠనం ఫలానా, కీర్తన ఫలానా, సువిశేషం ఫలానా. అప్పటినుంచి అదే నా ఉదయపు దారి.

ఆ పట్టిక వెనక పెద్ద పని ఉంది. సంఘ ఆరాధనలో బైబిల్‌ను విశ్వాసులకు మరింత విస్తారంగా వడ్డించాలని రెండో వాటికన్ మహాసభ 1963లో కోరింది. 1969లో కొత్త పట్టిక వెలువడింది. ఆదివారాల పఠనాలు మూడేళ్లకోసారి తిరిగి వస్తాయి. సామాన్య కాలంలో వారపు రోజుల మొదటి పఠనాలు రెండేళ్లకోసారి వస్తాయి. సువిశేషాలు మాత్రం ఏటా ఒకే వరుస: సామాన్య కాలంలో తొమ్మిదో వారం దాకా మార్కు, ఇరవై ఒకటో వారం దాకా మత్తయి, ఆ తర్వాత ముప్ఫై నాలుగో వారం దాకా లూకా. యోహానుకు తపస్సు కాలంలోనూ ఈస్టర్ కాలంలోనూ ఎక్కువ చోటు. సీఎస్‌ఐ సంఘానికి తనదైన పట్టిక ఉంది. 2017లో శంషాబాద్ కేంద్రంగా ఏర్పడిన సీరో మలబార్ మేత్రాసనానిది మరో పఠన క్రమం. ఏ పట్టికైనా సరే, దానిలో నాకు నచ్చే గుణం ఒక్కటే: అది నన్ను అడిగి తయారు చేసింది కాదు. నా దిగులు, నా అప్పు, పిల్లల పరీక్షలు దానికి తెలియవు. అందుకే నాకు నేను చెప్పుకోలేని మాట అది చెప్పగలుగుతుంది.

పట్టిక లేని సంఘాలవాళ్లకూ దారులున్నాయి. బైబిల్‌లో, ప్రొటెస్టెంట్ల 66 పుస్తకాల లెక్కన, 1,189 అధ్యాయాలు. మామూలు రోజుల్లో మూడేసి, ఆదివారం ఐదు చదివితే ఏడాదికి పూర్తవుతుందని మన పెద్దలు చెప్పే లెక్క సరిగ్గానే ఉంది. స్కాట్లండ్‌లోని డండీలో రాబర్ట్ మర్రే మక్‌షేన్ అనే యువ పాస్టర్ 1842లో తన సంఘస్థుల కోసం రాసిన పట్టిక ఇంకో మెట్టు పైది. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తవుతాయి. మరుసటి ఏడే ఆయన 29 ఏళ్ల వయసులో చనిపోయారు. పట్టిక మాత్రం నేటికీ వాడుకలో ఉంది. అంత బరువు మోయలేని వాళ్లు సామెతల గ్రంథం తీసుకోవచ్చు. 31 అధ్యాయాలు, తేదీని బట్టి రోజుకొకటి. డిసెంబర్ మొదటి తేదీన లూకా మొదలుపెడితే 24 అధ్యాయాలు క్రిస్మస్ ముందురోజుకు ముగుస్తాయి. 119వ కీర్తనను 22 రోజులకు పంచుకోవచ్చు. తెలుగు బైబిల్‌లో ఆలెఫ్, బేత్ అంటూ హెబ్రీ అక్షరాల పేర్లతో ఎనిమిదేసి వచనాలుగా విడగొట్టే ఉంటుంది.

వాగ్దానపు కార్డుల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. డిసెంబర్ 31 రాత్రి ఆరాధన చివర పళ్లెంలో కార్డులు తిప్పడం, ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవడం మన తెలుగు సంఘాల్లో పెద్ద సందడి. ఆ కార్డును ఏడాది పొడవునా పర్సులో పెట్టుకుని తిరిగేవాళ్ల విశ్వాసాన్ని నేను తక్కువ చేయను. ఆ కార్డు పట్టుకుని ఆస్పత్రి వరండాలో రాత్రంతా నిలబడ్డ తల్లులు నాకు తెలుసు. కానీ రోజుకొక వచనం అనే ఆచారం మొదలైన తీరు వేరు. జర్మనీలోని హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్ విశ్వాసులకు వాళ్ల నాయకుడు జిన్‌జెన్‌డార్ఫ్ 1728లో ఒక రోజు ఒక వచనం ఇచ్చి, దాన్ని ఇంటింటికీ చేరవేయించాడు. 1731 నుంచి అది పుస్తకంగా ఏటా అచ్చవుతూనే ఉంది. ఆ వచనాన్నీ చీటీ వేసే తీస్తారు. తేడా ఏమిటంటే, ఊరంతటికీ ఒకటే వచనం. ధనవంతుడికీ కూలికీ ఒకటే. మన కార్డు నాకు మాత్రమే, నా ఏడాదికి మాత్రమే అయిపోయింది.

ఇప్పుడు కార్డుతో కూడా పనిలేదు. సూర్యోదయం బొమ్మ మీద వచనం రాసి ఉదయం ఐదింటికల్లా వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తుంది. ఎక్కువగా తిరిగే వచనాల్లో యిర్మీయా 29వ అధ్యాయం 11వది ఒకటి. దేవుడు మన మేలు కోరే ఆలోచనలు చేస్తున్నాడన్న మాట అందులో ఉంది. గొప్ప వచనం. కానీ అది ఒక ఉత్తరంలోది. బబులోనుకు చెరగా వెళ్లిన వాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం. దానికి ముందు వచనమే, ఇంకా డెబ్బై ఏళ్లు అక్కడే ఉండాలని చెబుతుంది. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది ఆ మంచి రోజు చూడరు. అంతకు ముందు వచనాల్లో, మీరున్న చోటే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, ఆ పరాయి పట్టణం బాగుండాలని ప్రార్థించండి అని ఉంటుంది. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో, పక్క రాష్ట్రాల నుంచో వచ్చి శంషాబాద్‌లో గది అద్దెకు తీసుకుని విమానాశ్రయంలోనూ హోటళ్లలోనూ పనిచేసే కుర్రాళ్లకు ఆ పూర్తి ఉత్తరం చదివి చూడండి. బొమ్మ మీది వచనం వినేటప్పుడు తల ఊపేవాళ్లు, ఉత్తరం విన్నాక తమ ఊరి సంగతులు మొదలుపెడతారు. ఇక్కడ పాతుకోవాలా, తిరిగి వెళ్లాలా అన్నది వాళ్లు రోజూ మోసే ప్రశ్న. వాక్యం సరిగ్గా దాన్నే తాకుతుంది.

ఇక చదివే తీరు. పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్స్ కొండల్లోని కార్తూసియన్ మఠంలో ఉన్న రెండో గిగో అనే సన్యాసి దీన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, మననం చేయడం, ప్రార్థించడం, దేవుని ఎదుట ఊరికే ఉండిపోవడం. అప్పటి సన్యాసులు మననాన్ని పశువు నెమరు వేయడంతో పోల్చేవాళ్లు. పాడి ఉన్న ఇళ్లలో పెరిగిన మనకు దీన్ని విడమరచి చెప్పాల్సిన పని లేదు. మధ్యాహ్నం నీడన పడుకున్న గేదె పొద్దున మేసినదాన్నే తీరిగ్గా మళ్లీ నములుతుంది, కొత్త మేతకు తొందరపడదు.

నాలుగో మెట్టు మనవాళ్లకు తెలియనిదేమీ కాదు. 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు సన్నిధి కూటాల్లో విశ్వాసులకు నేర్పింది ఇదే. అడగడం ఆపి, దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం. మొదటి మెట్టుకు మన హైదరాబాద్‌లోనే మరో పెద్ద ఉదాహరణ ఉంది. పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టి, చదువుకోసం వెళ్లిన కెనడాలో 1929 చివర కొత్త నిబంధన చేతికందగానే అందులో మునిగిపోయిన భక్త సింగ్, 1950లో ఈ నగరంలో హెబ్రోన్ ప్రార్థనా కేంద్రం మొదలుపెట్టారు. మోకాళ్ల మీద బైబిల్ చదవడం ఆయన అలవాటు. బైబిల్ మొత్తాన్నీ చదివించడం ఆయన సంఘాల అలవాటు. 2000లో ఆయన చనిపోయిన తర్వాత కూడా ఆ క్రమశిక్షణ ఆ సంఘాల్లో కనబడుతుంది. చదవడం, కనిపెట్టడం అనే ఈ రెండూ కలిస్తేనే ధ్యానం పూర్తవుతుందని నా నమ్మకం. మొదటిది ఒక్కటే ఉంటే పరీక్షకు చదివినట్టవుతుంది. రెండోది ఒక్కటే ఉంటే మన మనసులోని మాటనే దేవుని మాట అనుకునే ప్రమాదం ఉంది.

మళ్లీ నాబోతు దగ్గరికి వస్తాను. మొదటిసారి గొంతెత్తి చదివితే కథ మాత్రమే వినపడుతుంది. రెండోసారి చదివితే బేరం వినపడుతుంది. అహాబు రాజు దౌర్జన్యంతో మొదలుపెట్టలేదు. నీ తోట మా నగరు పక్కన ఉంది, కూరతోట వేసుకుంటాను, ఇంతకంటే మంచి తోట ఇస్తాను, కాదంటే వెల కట్టి డబ్బు ఇస్తాను అన్నాడు. న్యాయమైన బేరమే. నాబోతు ధర తక్కువైందని కాదనలేదు. తాతతండ్రుల నుంచి వచ్చిన స్వాస్థ్యాన్ని అమ్మడం దేవుని ఎదుట తనకు తగదన్నాడు. మూడోసారి పెన్సిల్ పట్టుకుని చదివితే ఇంకొకటి కనపడుతుంది. రాజు అన్నం మానేసి, ముఖం తిప్పుకుని మంచమెక్కితే అతని భార్య యెజెబెలు వచ్చి ఏమైందని అడిగింది. అప్పుడు అహాబు జరిగింది చెబుతూ తాను ఇస్తానన్నవన్నీ చెప్పాడు. నాబోతు చెప్పిన కారణాన్ని మాత్రం మింగేశాడు. దేవుడి పేరు లేదు, తాతతండ్రుల మాట లేదు. వాడు ఇవ్వనన్నాడు, అంతే. భూమి ఇవ్వనన్న మనిషి మాట ఎలా మారిపోతుందో ఆ ఒక్క వచనంలో ఉంది. కారణం ఉన్న మనిషిని మొండివాడిగా చూపించడానికి అబద్ధం చెప్పనక్కర్లేదు. సగం చెబితే చాలు.

నాలుగోసారి నన్ను వణికించింది ఉపవాసం. యెజెబెలు రాజు ముద్ర వేసి ఊరి పెద్దలకు పంపిన ఉత్తరాల్లో మొదటి ఆజ్ఞ ఉపవాస దినం చాటించమని. నాబోతును జనం ముందు కూర్చోబెట్టింది ఆ ఉపవాస కూటంలోనే. అతని మీద మోపిన నేరం దేవదూషణ. పెద్దలు ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చేశారు, ఒక్కరూ ఎదురు అడగలేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలు చేసే మా బోటివాళ్లం ఆ వచనాల దగ్గర ఆగాలి. ప్రార్థన కూటాన్ని కూడా మనిషిని చంపడానికి వాడవచ్చునని బైబిలే చెబుతోంది. ఇంత కఠినమైన మాట నా అంతట నేను వెతుక్కుని చదివేదాన్ని కాదు. పట్టికలో వచ్చింది కాబట్టి చదివాను.

ఆ రోజు సువిశేషం మత్తయి ఐదో అధ్యాయంలోది. ఒక చెంప మీద కొడితే రెండోది చూపమని, అంగీ అడిగినవాడికి పైబట్ట కూడా ఇమ్మని యేసు చెప్పే భాగం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం సులభం కాదు. ఒకచోట ఇవ్వనన్నవాడు నీతిమంతుడు, ఇంకోచోట అడిగితే ఇచ్చేయమంటున్నారు. చాలాసేపు కూర్చుంటే గాని నాకొకటి తట్టలేదు. యేసు ఆ మాటలు దెబ్బ తిన్నవాళ్లతో చెప్పాడు, వాళ్ల మనసు పగతో పాడవకుండా. కొట్టేవాడి చేతికి వాటిని అందించలేదు. కొట్టేవాడితో మాట్లాడటానికి దేవుడు ఏలీయా ప్రవక్తను సరాసరి నాబోతు తోటలోకే పంపాడు. ఎవరికి చెప్పిన మాటను ఎవరు ఎత్తి చూపిస్తున్నారో గమనించాలి. భూమి పోగొట్టుకున్న మనిషికి ఓర్పు గురించి బోధించే హక్కు భూమి తీసుకున్నవాడికి లేదు.

రాత్రి మా వాడలో ప్రార్థన కూడికలో అదే భాగం చదివాం. ఎనిమిదో తరగతి పిల్ల చదివింది, మేం విన్నాం. బాసింపట్టు వేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దమ్మ ఉంది. సంతకం కూడా రాదు, వేలిముద్రే. ఒకప్పుడు టమాట, వంకాయ గంపలో పెట్టుకుని అమ్మిన మనిషి. చదవడం అయిపోయాక అందరం ఏలీయా గురించి మాట్లాడుతుంటే ఆమె అంది, “రాజు బువ్వ తినకపోతె అడిగెతందుకు పెండ్లాం ఉన్నది. గా నాబోతు ఇంటోళ్లను ఎవలడిగిన్రు బిడ్డా? ఆయినకు పిల్లలు లేరా?”

మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ అధ్యాయంలో నాబోతు భార్య లేదు, పిల్లలు లేరు. తర్వాత రెండవ రాజుల గ్రంథం తిప్పుకుంటూ పోతే తొమ్మిదో అధ్యాయం 26వ వచనంలో దొరికింది. నాబోతు రక్తంతోపాటు అతని కొడుకుల రక్తాన్ని కూడా తాను చూశానని దేవుడు అన్న మాట అక్కడ ఉంది. అంటే వారసులు కూడా మిగల్లేదు. మరుసటి రోజు ఆ వచనం చదివి వినిపిస్తే పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, “అడిగిండు కదా దేవుడు” అంది. ఆ రాత్రి మా ప్రార్థనలో కౌలు రైతుల పేర్లు వచ్చాయి. అమ్మిన డబ్బు అయిపోయి, తాము అమ్మిన భూమిలోనే లేచిన గేటెడ్ కాలనీలకు వాచ్‌మెన్లుగా వెళ్తున్న వాళ్ల పేర్లు వచ్చాయి. అంతకుముందు మా ప్రార్థనల్లో ఉద్యోగాలు, వీసాలు, ఆరోగ్యాలు ఉండేవి. అవీ అడగాల్సినవే. కానీ మా వాడ మొత్తం మా ప్రార్థనలోకి వచ్చింది ఆ రోజే.

వేళ గురించి చాలామంది అడుగుతారు. తెల్లవారుజామున నాలుగింటికి లేవకపోతే ప్రార్థన చెల్లదేమో అన్నట్టు కొందరు బోధకులు మాట్లాడతారు. విమానాశ్రయంలో విమానాలు ఇరవై నాలుగు గంటలూ దిగుతుంటాయి. కార్గోలో రాత్రి డ్యూటీ చేసి ఏడింటికి ఇల్లు చేరే తమ్ముడికి ఏది తెల్లవారుజాము? 119వ కీర్తన రాసిన భక్తుడే ఒకచోట అర్ధరాత్రి లేస్తానన్నాడు, ఒకచోట తెల్లవారకముందే అన్నాడు, ఇంకోచోట రోజుకు ఏడుసార్లు అన్నాడు. బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ రోజు అధ్యాయం వినేవాడిదీ ధ్యానమే. ఇరవై నిమిషాలు దొరికితే చాలు. ఒకసారి వినాలి, ఒకసారి ఆగాలి, మళ్లీ వినాలి. చివర ఒక్క వాక్యం రాసుకోవాలి. నాకేమనిపించింది అన్నది తర్వాత. ముందు ఆ భాగంలో ఏముందో రాసుకోవాలి. ఈ క్రమం మారితే నోట్‌బుక్ నిండా మన గురించే ఉంటుంది.

మనకు ఈ పుస్తకం తెలుగులో అందడానికి పట్టిన కాలాన్నీ తలచుకోవాలి. 1720ల చివరలోనే మద్రాసులో బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ మిషనరీ అనువాదం మొదలుపెట్టాడు. అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే ఇద్దరు యువకులు ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో సువార్తల పని చేపట్టి, కొన్నేళ్లకే ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. 1818కి కొత్త నిబంధన, 1854కి మొత్తం బైబిల్ వచ్చాయి. అచ్చయిన తర్వాత కూడా చదవగలిగినవాళ్లు ఎందరు? మిషన్ బడిలో అక్షరాలు నేర్చుకున్న పిల్లలు రాత్రి దీపం ముందు కూర్చుని చదివితే, అక్షరం రాని తల్లులు విని గుండెల్లో పెట్టుకున్నారు. మన గ్రామ సంఘాలు ఎక్కువగా అలా విన్నవాళ్ల మీదే నిలబడ్డాయి.

అందుకని ఈ కాలమ్ చదివే విశ్వాసులకు ఒక మనవి. ఈ వారం ఏదో ఒక పట్టిక ఎంచుకోండి, మీ సంఘానిదైనా సరే, ఇంకెవరిదైనా సరే. రేపటి భాగం ఏదో ఈ రాత్రే చూసి బైబిల్‌లో దారం పెట్టండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో చదవడం రాని పెద్దవాళ్లుంటే వాళ్ల దగ్గర కూర్చుని ఆ భాగాన్ని నెమ్మదిగా, గొంతెత్తి చదవండి. అర్థం మీరు చెప్పకండి. వాళ్లేమంటారో వినండి, అన్నది అన్నట్టు రాసుకోండి.